ఫోన్ల భక్తి నేర్చుకునుడు తప్పా? దీక్ష మధ్యల ఆగితే కీడు అయితదా?

తమ్మీ, నీ ప్రశ్న చానా పెద్దగున్నది. చదవనోళ్ల కోసం నాలుగు ముక్కల్ల మళ్ల చెప్త, తప్పుంటే దిద్దు. నీది అచ్చంపేట దిక్కు, వయసు 24. హైదరాబాద్ అశోక్‌నగర్ల రూం తీసుకొని గ్రూప్-2కు చదువుతున్నవ్. ఎనిమిది నెలల సంది పండుకునే ముందు యూట్యూబ్ల ప్రవచనాలు వినుడు అలవాటైంది. అందుల ఒకాయన చెప్పిండని ఒక స్తోత్రం 41 దినాల దీక్షగ మొదలువెట్టినవ్. 19వ దినం జ్వరమొచ్చి ఆగిపోయింది. మర్నాడే, దీక్ష మధ్యల ఆపినోళ్లకు ఏం జరిగిందో చూడండని ఒక వీడియో నీ ఫోన్ల తేలింది. దాని కింద ఇంకొకాయన, గురువు లేకుండ చదివితే కీడు తప్పదన్నడు. అప్పటిసంది నిద్ర పడుతలేదు, పుస్తకం ముందర పెట్టుకుంటే అక్షరం ఎక్కుతలేదు. ఇంటికి ఫోన్ చేస్తే మీ నాయిన నవ్విండు. చర్చికి పోయే నీ రూమ్మేట్‌కు చెప్పుకుంటే వాడు కూడ బైబిల్ వాగ్దానాల వీడియోలు చూసి ఇసుంటి తిప్పలే పడుతున్నడు. "ఫోన్ల భక్తి నేర్చుకునుడే తప్పా అన్నా?" అని అడిగినవ్.

తప్పు కాదు. నీకు ఏ కీడు రాదు. జ్వరం జ్వరమే, దానికి స్తోత్రంతోని సంబంధం లేదు. కానీ ఒక్క మాట. ఈ ఎనిమిది నెలలు నువ్వు చేసింది ఎక్కువ భాగం భక్తి కాదు, వినుడు. వినుడు మంచిదే. అయితే ఎవరి మాట వినాల్నో నువ్వు ఎంచుకుంటలేవు, నీ ఫోన్ ఎంచుతున్నది. తిప్పలంతా అక్కడ్నే ఉన్నది.

ఇయ్యాల రెండు పనులు చెయ్. నిన్ను భయపెట్టిన ప్రతి వీడియో పక్కన మూడు చుక్కలుంటయి, అవి నొక్కి ఆ చానల్‌ను ఇగ చూపొద్దని చెప్పు. వెతికినవాటి హిస్టరీ కూడ తుడిపెయ్. మిగిలినోళ్లల్ల నీకు మనసుకు పట్టిన ఒక్కాయన్ని ఉంచుకో, మూడు నెలలు ఆయన్నొక్కన్నే విను. ఇంక రెండో పని: విన్నదాని గురించి ఎదురుంగ కూసొని మాట్లాడేటందుకు ఒక మనిషిని చూసుకో. ఈ రెండో పని ఎందుకో కిందికి పోంగ చెప్త.

నేను పంతుల్ని కాదు, పాస్టర్ను కాదు. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర 2005 సంది వీడియో షాపు నడుపుతున్న. మొదట్ల పెండ్లిళ్లు, జాతరలు. చెర్వుగట్టు రామలింగేశ్వరుని కల్యాణం, జాన్‌పహాడ్ ఉర్సు, ఊర్లల్ల సువార్త కూటాలు, బోనాలు, పీర్ల పండుగ – పిలిచినకాడికి కెమెరా పట్టుకొని పోయినోన్ని. 2020 మార్చిల లాక్‌డౌన్ పడ్డది చూడు, అప్పుడు గుళ్లు, చర్చిలు, మసీదులు మూతపడితే మా పని కూడ ఆగింది. తర్వాత లైవ్‌లు మొదలైనయి. అప్పటిసంది సగం బువ్వ ఈ భక్తి వీడియోల మీదనే. అందుకే దేవుని గురించి నాకు తెలిసింది తక్కువ గానీ, దేవుని వీడియో నీ ఫోన్లకు ఎట్లొస్తదో బాగ తెలుసు.

ఆ వీడియో 19వ దినం మర్నాడే ఎందుకొచ్చింది? జ్వరంల పండుకొని నువ్వు "దీక్ష మధ్యల ఆగితే ఏమైతది" అని వెతికే ఉంటవ్. లేకపోతే అసుంటిదే ఒకటి కండ్లవడితే చివరిదాక చూసి ఉంటవ్. యూట్యూబ్‌కు దేవుడు తెల్వదు, దయ్యం తెల్వదు. దేని మీద వేలు పెట్టినవ్, ఎంతసేపు కదలకుండ చూసినవ్, అదే దాని లెక్క. నువ్వు భయంతోని చూసినవో, భక్తితోని చూసినవో దానికి తేడా లేదు. ఇంక భయపడ్డ మనిషి వీడియో మధ్యల ఆపడు. అట్ల నీ భయమే నీకు ఇంకో పది వీడియోలు తెచ్చిపెట్టింది. అందుల దైవ సంకేతం ఏమీ లేదు తమ్మీ.

చానల్ దిక్కు నుంచి చూస్తే లెక్క ఇట్లుంటది. యాడ్ల పైసలు రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిల 4,000 గంటల చూపు ఉండాలె. 2020 సంది ఎనిమిది నిమిషాలు దాటిన వీడియోకు మధ్యల కూడ యాడ్ పెట్టుకోవచ్చు, అంతకుముందు పది నిమిషాలుండె. ఇప్పుడు నువ్వు చూసిన వీడియోల నిడివి చూడు. దీపం ఎటు దిక్కు పెట్టాల్నో చెప్పుటానికి నిమిషం చాలు. అది ఎనిమిది నిమిషాల పది సెకన్లు ఎందుకు సాగింది? ముందు ఒక కథ, తర్వాత "చివర్ల ఒక రహస్యం చెప్తా, అప్పటిదాక ఉండండి", తర్వాత ఒక బెదిరింపు, ఆఖర్ల అసలు ముచ్చట. ఈ వరస నేను చేతులార కట్టిన.

ఆ పాపం కూడ చెప్పుకుంట. 2021ల ఒక భక్తి చానల్ – పేరు వద్దు – నాకు ఎడిటింగ్ పని ఇచ్చింది, వీడియోకు 600 రూపాయలు. మాట్లాడే ఆయన మంచోడే, శాస్త్రం చదివినోడు. టైటిల్ మాత్రం ఆయన చేతుల లేకుండె. "శుక్రవారం దీపం పెట్టే పద్ధతి" అని నేను పెట్టిన వీడియోను ఎవరూ ముట్టలె. అదే వీడియోకు "శుక్రవారం దీపం దగ్గర ఈ ఒక్క తప్పు చేస్తే..." అని మూడు చుక్కలు పెట్టి, ఎర్ర అక్షరాలు, పక్కన ఏడుస్తున్న ఆడమనిషి బొమ్మ పెడితే రెండు రోజుల్ల లేచి కూసున్నది. లోపల ఆయన చెప్పిన మాట ఒక్కటి మారలె. అప్పటిసంది అన్నిటికీ అదే వరస.

వీడియో కింద షాపు నంబరు ఉండె, ఆర్డర్లొస్తయని. ఒకనాడు రాత్రి తొమ్మిదిన్నరకు మిర్యాలగూడ దిక్కు నుంచి ఒకామె ఫోన్ చేసింది. "అయ్యా, ఇయ్యాల శుక్రవారం, దీపం పెట్టంగనే గాలికి కొండెక్కింది. మా ఆయన లారీ మీద నాగ్‌పూర్ పోయిండు. ఫోన్ కలుస్తలేదు. ఆయనకేమన్న అయితదా?" ఆమె గొంతు వణుకుతున్నది. నేను ఎడిటర్‌ను అని ఆమెకెట్ల చెప్పాలె? "ఏం కాదమ్మా, తలుపు దగ్గరకేసి మళ్ల వెలిగించుకో" అన్న. "మరి వీడియోల అట్ల చెప్పిండ్రు గదా" అన్నది. ఆ టైటిల్ రాసింది నేనే అని చెప్పే ధైర్యం కాలె. గంటకు ఆమెనే మళ్ల చేసి, ఆయన ఫోన్ ఎత్తిండని, చార్జింగ్ అయిపోయిందట అని చెప్పి, "మీ మాట దేవుని మాటయ్యా" అన్నది. ఆ నెల బిల్లు తీసుకొని ఆ చానల్ పని బందువెట్టిన.

కాబట్టి భయపెట్టుడు అనేది శాస్త్రంలకెల్లి వచ్చింది కాదు. చానా సార్లు ఎడిటింగ్ టేబుల్ మీద పుడతది.

ఇగ శాస్త్రమే ఏమంటున్నదో చూద్దాం, నువ్వు దానికే భయపడుతున్నవ్ గదా. భగవద్గీత రెండో అధ్యాయం 40వ శ్లోకం తెరిచి చూడు: "నేహాభిక్రమనాశోఽస్తి ప్రత్యవాయో న విద్యతే". మొదలువెట్టిన యత్నం వృథా పోదు, దానివల్ల ఎదురు దోషం రాదు, ఈ ధర్మం కొంచెం చేసినా పెద్ద భయం నుంచి కాపాడుతది అని. అక్కడ కృష్ణుడు చెప్తున్నది కర్మయోగం గురించి, నీ 41 దినాల గురించి కాదు. ఆ మాట దాచను. కానీ మొదలువెట్టి ఆగినోన్ని దేవుడు కొడతడు అనే ఆలోచన ఆ పుస్తకం గాలికే సరిపడదు. విష్ణు సహస్రనామం చివర ఫలశ్రుతి చూడు. రోజూ విన్నోడికి, చదివినోడికి ఇహంల గానీ పరంల గానీ అశుభం కలగదు అని ఉన్నది. వినుడును కూడ లెక్కల పట్టిండ్రు, యాది పెట్టుకో.

మన ఊర్లల్ల నడిచే పద్ధతి సూత్రాల కన్న ఇంకా మెత్తన. అయ్యప్ప మాల వేసుకున్నోళ్లను చూసినవ్ గదా. ఇంట్ల చావు అయితే మాల తీసేస్తరు, మళ్ల ఏడాది వేసుకుంటరు. ఏ గురుస్వామి కూడ "నీకు కీడు మూడింది" అనడు. భుజం మీద చెయ్యి వేసి పంపిస్తడు. జ్వరమొచ్చిన పిల్లగాన్ని చన్నీళ్ల స్నానం చెయ్యమనే పెద్దమనిషి నాకైతే ఇంతవరకు తగలలె.

గురువు లేకుండ చదవొద్దనే మాటల సగం నిజమున్నది, అదీ చెప్పాలె. బీజాక్షరాల మంత్రాలు, ఉపదేశంతోని తీసుకునేటివి వేరు. అవి గురువు నోటి నుంచి వినాలె, ఆ సంప్రదాయంల ఉన్నోళ్లందరూ అదే అంటరు. ఉచ్చారణ కోసం అంటరు, క్రమం కోసం అంటరు. స్తోత్రాలు, నామాలు, భజనలు, పద్యాలు అట్ల కాదు. అవి ఎవరైనా చదవొచ్చు, వంట చేసుకుంట కూడ పాడుకుంటరు. నువ్వు చదివింది స్తోత్రమే అని రాసినవ్. అయితే సందేహమే లేదు. ఎవరన్న యూట్యూబ్ల బీజమంత్రం చెప్పి, "ఇది రహస్యం, ఎవరికీ చెప్పకండి" అంటే మాత్రం నవ్వుకో. రెండు లక్షల మంది చూసినంక ఇంక రహస్యమేంది?

ఇంకో జబ్బు: సగం ముక్కలు. రీల్స్ వచ్చినంక ఇది బాగ ముదిరింది. "కర్మణ్యేవాధికారస్తే" శ్లోకం మీద ఎన్ని రీల్స్ చూసి ఉంటవ్? పని చెయ్, ఫలం అడగకు, అక్కడ కట్. దానికి నాలుగో పాదం ఒకటున్నది: "మా తే సంగోఽస్త్వకర్మణి". పని చెయ్యకుండ కూసునుడు మీద కూడ మనసు పెట్టుకోకు అని. గ్రూప్స్‌కు చదివేటోడికి అసలు కావాల్సిన ముక్క అదే, రీల్‌ల అదే తెగిపోయింది. ఇంకొకటి, "అహింసా పరమో ధర్మః, ధర్మహింసా తథైవ చ" అని కత్తి బొమ్మ పెట్టి తిప్పుతుంటరు. మొదటి ముక్క మహాభారతం ఆనుశాసనిక పర్వంల ఉన్నది. రెండో ముక్క ఆ భారతంల లేదు, ఎవరో అతికించిండ్రు. అసలు శ్లోకం అహింసనే పరమ దానం, అహింసనే పరమ తపస్సు అనుకుంట ముందుకు పోతది. అంటే అతుకు వేసినోడు అర్థాన్నే తిరగేసిండు.

నీ రూమ్మేట్‌కు కూడ ఇదే చెప్పు. కొత్త సంవత్సరం నాడు పంచే వాగ్దానం కార్డులల్ల, ఇప్పుడు స్టేటస్‌లల్ల, యిర్మీయా 29:11 లేకుండ ఉండదు. దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవే గానీ హానికరమైనవి కావు అనే వాక్యం. దానికి ముందు వాక్యం, 10వది, చదువమను. బబులోను చెరల ఉన్నోళ్లకు, డెబ్బై ఏండ్లు నిండినంకనే విడుదల అని ఉంటది. ఉద్యోగం వచ్చే నెల వస్తదని కాదు అక్కడి మాట, ఓపిక పట్టుమని. మా దగ్గర ఒక పాస్టరుగారు ఈ ముచ్చట చెప్పంగ నేను కెమెరా వెనుక నిలబడి విన్న, అప్పటిసంది ఏ వాక్యం చూసినా ముందూ వెనుకా చూస్తున్న. బైబిల్ యాప్‌లల్ల తెలుగు ఉచితంగనే దొరుకుతది, పై వాక్యం చూసుటానికి ఒక్క వేలు కదిపితే చాలు. ఖురాన్ తెలుగు అనువాదాలు కూడ అట్లనే ఉన్నయి. గీత గోరఖ్‌పూర్ గీతా ప్రెస్ వాళ్లది తెలుగుల తక్కువ ధరకు దొరుకుతది, రూంల ఒకటి పెట్టుకో.

ఏఐ చాట్‌బాట్లను అడిగే పిల్లలు కూడ ఎక్కువైండ్రు. మొన్న మా షాపుల పనిచేసే పిల్లగాడు ఒక వీడియో కోసం కోపం గురించి గీతల శ్లోకం అడిగితే, అది మూడో అధ్యాయం 52వ శ్లోకం అని సంస్కృతంతోని సహా రాసిచ్చింది. మూడో అధ్యాయంల ఉన్నయే 43 శ్లోకాలు. పుస్తకం పక్కన లేకపోతే అదే స్క్రీన్ మీద ఎక్కేది, వేలమంది షేర్ చేసేటోళ్లు.

ఇంత చెప్పినంక, ఫోన్ బందువెట్టు అంటున్ననా? కాదు. ఫోన్ వల్ల అయిన మంచి నా కండ్ల ముందరనే ఉన్నది.

మా అమ్మ పక్షవాతంతోని మూడేండ్లు మంచంలనే ఉండె. గట్టు కల్యాణం లైవ్ నేను అక్కడ నుంచి తిప్పితే, ఇంట్ల నా బిడ్డ ఫోన్ ఆమె ముందర పట్టుకున్నది. అమ్మ పిల్లను కసిరిందట: "చెప్పులు ఇడిసి పట్టుకోరాదే, దేవుడొచ్చిండు" అని. ఆ ఒక్క లైవ్‌కు నేను పైసలు తీసుకోలె.

ఇంకో సంగతి, దీన్ని పెద్దోళ్లు ఒప్పుకోరు. ఊర్లల్ల గుడి అరుగు మీద కూసొని పురాణం వినుటానికి కొందరు పిల్లలకు మొన్నమొన్నటిదాక తావు లేకుండె. ఆడపిల్లలు అడగలేని ప్రశ్నలు కొన్నుంటయి, ఇంట్ల అడిగితే నోరు మూయిస్తరు. ఫోన్ల వినేటోని కులం ఎవరూ అడగరు, ఆడపిల్ల ఏం వెతికిందో ఎవరికీ తెల్వదు. నకిరేకల్ దిక్కు ఒక పిల్లగాడు, ఇంటర్ చదువుతున్నడు, చింతపల్లి దళితవాడల పుట్టిన దున్న ఇద్దాసు తత్వాలు ఫోన్లనే విని, "మన వాడకట్టుల పుట్టినాయన ఇంత జ్ఞానం చెప్పిండా" అని ముసలోళ్ల దగ్గరికి పోయి తంబుర పట్టుడు నేర్చుకున్నడు. ఇప్పుడు భజన మండలిల ముందు కూసుంటడు. పాలమూరు దిక్కు కురుమూర్తి జాతరల ఉద్దాలు, అంటే స్వామి పాదుకలు, చేసేది వడ్డెమాన్ దళితులు అనే ముచ్చట కూడ ఇయ్యాల్టి పిల్లలు చానామందికి రీల్స్ వల్లనే తెలిసింది.

ఈ పిల్లగాని ముచ్చట ఎందుకు చెప్పిన్నంటే, ఫోన్ల మొదలైంది ఫోన్లనే ఆగిపోలె. మనిషి దగ్గరికి తీసుకపోయింది. నేను చూసినంతల భక్తి వీడియోలు మేలు చేసినోళ్లు ఎవరంటే, ఆ వీడియో చూసి లేచి ఎటో నడిచినోళ్లు. చూసి ఇంకో వీడియోకు జరిగినోళ్లు నీ లెక్క నిద్రలేక నాకు ఫోన్లు చేస్తుంటరు.

మా బావమరిది కొడుకు ఉండె. బెంగళూరుల సాఫ్ట్‌వేర్, ఇంటి నుంచి పని. దత్తాత్రేయుని అవతారమనే శ్రీపాద శ్రీవల్లభుల చరిత్ర పారాయణ గురించి యూట్యూబ్ల విని, పీడీఎఫ్ దించుకొని ఫోన్లనే చదివెటోడు. కల వచ్చిందా, వాసన వచ్చిందా అని కామెంట్లల్ల అందరూ రాసేది చూసి, తనకేం రాలేదని కుమిలిపోయెటోడు. నేనే తోలుకపోయిన, ఆ స్వామి ఉన్న కురువాపురానికి. మక్తల్ నుంచి పంచదేవ్‌పహాడ్ పోయి, అక్కడ నుంచి కృష్ణ దాటాలె. నీళ్లు నిండుగ ఉన్న రోజులు, పుట్టిల కూసోబెట్టిండ్రు. పుట్టి గుండ్రంగ తిరుక్కుంట పోతుంటే వీడు రెండు చేతులతోని అంచు పట్టుకొని కూసున్నడు, ఫోన్ జేబుల నుంచి తీసే ధైర్యం లేదు. పుట్టి నడిపే పెద్దాయన వీణ్ని చూసి, "మొదటిసారా? నడుమ కూసో, అంచు ఇడువు, అదే సరి అయితది" అన్నడు. అవతల గుళ్లె వాడు గంటన్నర ఊకె కూసున్నడు. వచ్చేటప్పుడు ఏమన్న కనపడ్డదా అని నవ్వుతూ అడిగిన. "ఏం లేదు మామా, ఆకలైంది" అన్నడు. అప్పటిసంది కామెంట్లు చదువుడు మానిండు. పారాయణ మాత్రం గురువారం గురువారం చేస్తున్నడు, అచ్చు పుస్తకంల.

మా అక్క బిడ్డది ఇంకో తీరు. రీల్స్‌ల ధ్యానం గురించి చూసి చూసి, నాగార్జునసాగర్ హిల్ కాలనీల విపశ్యన కేంద్రం ఉన్నదని తెలుసుకొని పది దినాల కోర్సుకు పోయింది. ఫీజు లేదు, చివర్ల ఇష్టముంటే దానం ఇయ్యొచ్చు. పోంగనే ఫోన్ తీసుకుంటరు, మాట్లాడొద్దు, పొద్దుగాల నాలుగింటికి లేవాలె. మొదటి మూడు దినాలు ఊపిరినే చూసుడు. మూడో దినం ఆమె బొటనవేలు దానంతట అదే పైకీ కిందికీ కదిలిందట, ఒళ్లె ఫోన్ లేకున్నా. "అప్పుడు తెలిసింది మామా నాకు ఏం జబ్బున్నదో" అన్నది. నీకు నేను పొమ్మని చెప్తలేను, పరీక్ష ముందర పది దినాలు చిన్న ముచ్చట కాదు. పైగా భయం, నిద్రలేమి ఉన్నప్పుడు అన్ని గంటల మౌనం అందరికీ పడదు. ఉమ్మడి పాలమూరులనే ధ్యానానికి పెద్ద తావులు ఇంకా ఉన్నయి. కన్హా శాంతివనం ఉన్నది, కడ్తాల్ పిరమిడ్ ఉన్నది, పట్నం నుంచి పొద్దుగాల పోయి సాయంత్రానికి రావొచ్చు. ఎవరి మార్గం వాళ్లది, నేను దేనికీ ఏజెంటును కాదు. ఎక్కడికి పోయినా ఒకటి చూడు: అక్కడ నుంచి "నాకు నచ్చలె, పోతా" అంటే నవ్వుకుంట పోనిస్తరా, లేకపోతే బెదిరిస్తరా?

పైసల ముచ్చట పొట్టిగ చెప్త. దోష నివారణ అని, ప్రత్యేక ప్రార్థన అని, నీ పేరు మీద హోమం అని క్యూఆర్ కోడ్ పంపినోనికి రూపాయి ఇయ్యకు. పెద్ద గుళ్ల పేరు మీద దొంగ వెబ్‌సైట్లుంటయి, రూంలకు టికెట్లకు దేవస్థానం సొంత సైటునే చూడు. ఇప్పటికే ఇచ్చి ఉంటే సిగ్గుపడకుండ సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చెయ్, ఎంత తొందరగ చేస్తే అంత మంచిది. ఇంక నీ నిద్ర సంగతి. రెండు వారాలు దాటిందన్నవ్. చానల్ తీసేసినా ఈ వారంల నిద్ర దారికి రాకపోతే 14416కు చెయ్, అది టెలి మానస్, సర్కారుది, తెలుగుల మాట్లాడుతరు, పైసలు లేవు. మనసుకు జ్వరమొస్తే డాక్టరుతోని మాట్లాడుడు దేవుని మీద నమ్మకం లేకపోవుడు కాదు.

ఇప్పుడు ఆ మనిషిని ఎక్కడ వెతుక్కోవాలె అనే దానికి వస్తున్న. నీకు దగ్గర్లనే ఒకాయన ఉన్నడని నా అనుమానం.

మీ నాయిన నవ్విండన్నవ్. అచ్చంపేట దిక్కోడు గదా, చైత్ర పౌర్ణమికి నల్లమల అడవిల సలేశ్వరం లింగమయ్య జాతరకు పోతడా? పోయే ఉంటడు. నేను కొన్నేండ్ల కింద షూటింగ్ కోసం పోయిన. ఏడాదిల కొన్ని దినాలే అడవి లోపలికి ఇడుస్తరు, పులుల అడవి. ఫరహాబాద్ నుంచి లోపలికి పోయి, బండ్లు ఆగినకాడ నుంచి నడక, గుట్టలు దిగుడు. లైవ్ ఇస్తనని బ్యాటరీలు, డాంగిళ్లు మోసుకపోయిన. లోపలికి పోంగనే సిగ్నల్ పోయింది, ఒక్క గీత లేదు. నడిచేటోళ్లు "వత్తన్నం వత్తన్నం లింగమయ్యా" అనుకుంట నడుస్తుండ్రు. రీల్స్ చూసి వచ్చిన పిల్లలు మస్తుగున్నరు, మొదట ఫోన్లు పైకి పట్టుకొని నడిచిండ్రు. లోయ సన్నబడ్డకాడ ఒక దిక్కు బండ, ఒక దిక్కు పల్లం. అక్కడ ఫోన్ పట్టుకుంటే బండ పట్టుకోరాదు. ఒక్కొక్కరే ఫోన్లు జేబుల పెట్టిండ్రు. నా ముందర ఒక ముసలాయన, పంచె ఎగ్గట్టి, నా కెమెరా సంచి ఒకటి అడగకుండనే తీసుకొని తన భుజాన వేసుకున్నడు. "బరువు ఎక్కువైతే లింగమయ్య కనవడడు బిడ్డా" అన్నడు. కింద గుండంల నీళ్లు పైనుంచి పడుతుంటే, చెంచు పూజారి నెత్తి మీద ఇన్ని నీళ్లు చల్లిండు. ఏ ఊరు, ఏ కులం, ఏం మొక్కినవ్, ఎన్ని దినాలు చేసినవ్ – ఏదీ అడగలె. నేను షూట్ చేసింది మొత్తం కలిపి పదకొండు నిమిషాలు, అందుల సగం వణికిపోయింది. అమ్ముడుపోలె.

ఆ ముసలాయన లెక్కటోడే మీ నాయిన కూడ కావచ్చు. ఆయన నవ్వింది నిన్ను చూసి కాకపోవచ్చు. యాభై ఏండ్లు నడుచుకుంట మొక్కినోడికి, స్తోత్రం ఆగితే దేవుడు కోపపడతడు అంటే నవ్వు రాదా? ఈసారి ఫోన్ చేసినప్పుడు "కీడు అయితదా" అని అడగకు. "నాయినా, నువ్వు మొదటిసారి సలేశ్వరం ఎప్పుడు పోయినవ్, ఎవరు తోలుకపోయిండ్రు?" అని అడుగు. అడిగి ఊకుండు, ఆయనే చెప్తడు. అరగంట తక్కువ కాదు, ఎనిమిది నిమిషాల పది సెకన్లకైతే ఆగడు.

స్తోత్రం సంగతి అడిగినవ్ గదా: చదవాలనిపిస్తే రేపటి నుంచి 20వ దినం అనుకొని చదువుకో, లేకపోతే ఒకటి నుంచి మొదలువెట్టు, లేకపోతే మానెయ్. మూడిట్ల ఏది చేసినా సరే. పొద్దుగాల చదువు గానీ, రాత్రి పది దాటినంక మాత్రం ఫోన్ రూమ్మేట్ చేతికియ్యి, వాని ఫోన్ నువ్వు తీసుకో. ఇద్దరు తెల్లారిదాక లాక్ నంబర్లు చెప్పుకోకుండ్రి. మా షాపు పిల్లలతోని నేను చేయించింది ఇదే, మొదటి రెండు రాత్రులు తిట్టుకున్నరు.

ఆ స్తోత్రం ఏందో, నిన్ను భయపెట్టిన వీడియో ఏందో ఇక్కడ పెట్టకు, దానికి ఇంకో నాలుగు వ్యూస్ వస్తయి. నాకు విడిగ మెసేజ్ చెయ్. రేపు ఒక పెండ్లి ఉన్నది హాలియల, రాత్రికి చూస్త.